కప్పులో లేని బీట

పింగాణీ సామాను టోకు వ్యాపారంలో కళ్ళకు పెద్ద పనిలేదు. కంటికి కనిపించే లోపాన్ని ఎవరైనా పట్టగలరు. అంచు పెచ్చు లేచినా, రంగు అలికినట్టున్నా, అడుగు వంకరైనా పెట్టె విప్పిన కూలీయే తీసి పక్కన పెట్టేస్తాడు. కనిపించనిది బీట. వెంట్రుక కంటే సన్నగా, మెరుపు పూత కింద దాక్కుని కూర్చుంటుంది. ఎక్కడో హోటల్లో మొదటిసారి వేడి టీ పోసినప్పుడు బయటపడుతుంది. అప్పుడు కప్పు రెండు ముక్కలవుతుంది, అమ్మినవాడి పరువు నాలుగు ముక్కలవుతుంది. అందుకని బట్టీ నుంచి వచ్చిన కప్పుల్ని ఒక్కొక్కటే వేలికి తగిలించి, చెవి పక్కన పెట్టుకుని, చిన్న చెక్కపుల్లతో కొట్టి చూడాలి. మంచి కప్పు ఖంగుమని మోగి, ఆ మోత సన్నగా సాగి సాగి ఆరిపోతుంది. బీట ఉన్న కప్పు బొంగురుగా ఒక్క మాట అని ఊరుకుంటుంది.

అన్నదమ్ముల కొట్లో ఆ పని తమ్ముడిది. అన్న ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని బేరాలు చూసుకునేవాడు. తమ్ముడు వెనక గోడౌనులో గడ్డి, అట్టపెట్టెల మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని పుల్ల ఆడించేవాడు. పొద్దస్తమానం టింగుటింగుమనే చప్పుడే కాబట్టి బజారంతా అతన్ని టింగుబాబు అనేది. అసలు పేరు కాగితాల మీద సంతకానికి తప్ప పనికొచ్చేది కాదు. ఇరవై రెండేళ్ళుగా అతను సరేనన్న పెట్టెను హోటళ్ళవాళ్ళు మూత తియ్యకుండానే బండెక్కించుకునేవారు. ఏ మనిషికైనా బతుకులో ఒక్క పనిలో తనను మించినవాడు లేడన్న ధీమా ఉంటే చాలు, మిగతావాటిలో కాస్త తక్కువైనా తల ఎత్తుకు తిరగొచ్చు. టింగుబాబుకు ఆ ధీమా కుడి చెవిలో ఉండేది.

నలభై నాలుగో ఏట ఆ చెవిలోనే తేడా వచ్చింది.

ఒకరోజు పొద్దున పేపరు చదువుతుంటే ఎవరో గోనెసంచిని నేల మీద ఈడుస్తున్నట్టు బరబరమని వినిపించింది. పేపరు దించి చుట్టూ చూశాడు. చూసినకొద్దీ చప్పుడు ఎక్కువైంది. కళ్ళు ఎటూ కదపకుండా ఒకచోట నిలిపితే ఆగింది. ఎడమకు తిప్పితే బర్రుమంది, కుడికి తిప్పితే మళ్ళీ బర్రుమంది.

"ఏమే, నా కళ్ళు చప్పుడు చేస్తున్నాయి," అన్నాడు.

భార్య వంటింట్లోంచి తల బయటపెట్టింది. "తలుపు బందులకు వేసే నూనె ఉంది, రెండు చుక్కలు వెయ్యనా?"

నవ్వేసి ఊరుకున్నారు. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. మాట్లాడితే తన గొంతు తనకే ఖాళీ పీపాలోంచి వచ్చినట్టు గుమ్మని వినిపించేది. నడిస్తే మడమ నేలకు తగిలినప్పుడల్లా తలలో ఎవరో తలుపు తట్టేవారు. క్యారెట్టు ముక్క కొరికితే ఇల్లు కూలుతున్నట్టుండేది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది గోడౌనులో మొదలైంది. పక్కన పెట్టెకు మేకు దిగేసరికి నేల ఒక పక్కకు ఒరిగిపోయేది. గోడలు జారేవి. ఏది దొరికితే అది పట్టుకుని కూలబడేవాడు. ఒకసారి సూపు గిన్నెల దొంతర పట్టుకున్నాడు. తర్వాత అవి గిన్నెలుగా మిగల్లేదు.

ప్యాకింగు పని చూసే పెద్దామెను అందరూ అవ్వా అనేవారు. ఆమె అతన్ని లేపి కూర్చోబెట్టి, దగ్గరగా వచ్చి మొహం దగ్గర గట్టిగా గాలి పీల్చింది.

"నోరు శుభ్రంగానే ఉంది బాబూ. మరి కాళ్ళొక్కటే ఎక్కడ తాగొచ్చాయి?"

కూలీలు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. టింగుబాబు కూడా నవ్వబోయాడు గానీ తన నవ్వే తన తలలో డప్పులా మోగేసరికి ఆపుకున్నాడు.

డాక్టర్ల దగ్గరికి తిరిగాడు. కళ్ళ డాక్టరు కళ్ళు బంగారంలా ఉన్నాయన్నాడు. గుండె డాక్టరు గుండె గుర్రంలా ఉందన్నాడు. మూడో ఆయన అంతా ఓపిగ్గా విని, కళ్ళు కదిలితే చప్పుడు వినిపిస్తోందన్న మాట దగ్గర రాసుకోవడం ఆపి కలం కింద పెట్టాడు.

"ఇంకా ఏమైనా గొంతులు వినిపిస్తాయా?"

"వినిపిస్తుందండీ, మా అన్నయ్యది. కాకపోతే ఆయన నిజంగానే అరుస్తాడు."

ఆ డాక్టరు నవ్వలేదు. నరాలు నెమ్మదించడానికి బిళ్ళలు రాసిచ్చాడు. అవి వేసుకుంటే టింగుబాబు పెట్టెల మధ్యే కునికిపాట్లు పడేవాడు. చప్పుళ్ళు మాత్రం నిద్రపోలేదు.

అలా నడుస్తుండగా పెద్ద తప్పు జరిగింది. బట్టీ నుంచి కొత్త లోడు వచ్చింది. తెల్ల కప్పులు, పల్చటి అంచు. టింగుబాబు ఒకటి కొట్టాడు. బొంగురుగా పలికింది. ఇంకొకటి, అదీ బొంగురే. పెట్టె తర్వాత పెట్టె విప్పించాడు. ఒక్కటీ తిన్నగా మోగలేదు. లోడంతా బీటలేనని బండి వెనక్కి తిప్పించాడు. బట్టీ ఆయన మూడో రోజు పొద్దున్నే ఆ కప్పుల్లోంచి ఒక బుట్టెడు తెచ్చి, పది మంది చూస్తుండగా అన్నగారి బల్ల మీద పేర్చి, వేడినీళ్ళు పోసి, పుల్లతో తానే వాయించి చూపించాడు. ఒక్కటీ కారలేదు. ఒక్కటీ బొంగురు పోలేదు.

"మా కప్పులకు ఏమీ కాలేదండీ. మీ తమ్ముడి చెవికే ఏదో అయింది. ముందు దాన్ని బట్టీకి పంపండి," అని ఒక కప్పు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

అన్న అందర్నీ పంపించేశాడు. తర్వాత గోడౌనులోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏరా, ఇంతకీ నీకేంటి?"

"తెలిస్తే చెప్పనా అన్నయ్యా?"

"కళ్ళు అరుస్తాయంటావు, నేల ఒరుగుతుందంటావు. పక్క కొట్టువాడు నన్ను పరామర్శిస్తున్నాడురా, మనింట్లో ఎవరో పోయినట్టు. నాకు రెండే రెండు దారులు కనిపిస్తున్నాయి. రెండు వారాల్లో ఏ డాక్టరైనా నీ జబ్బుకు ఒక పేరు చెప్పాలి. చెప్పలేదా, పుల్ల అవ్వ చేతికిచ్చి నువ్వు ఇంట్లో కూర్చో. తిండికి లోటు రానివ్వను."

ఆ చివరి మాటే టింగుబాబుకు గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది. తిండికి లోటు రానివ్వనని ఎవరితో అంటారు, దేనికీ పనికిరానివాడితో కదా.

బట్టీ ఆయన వదిలేసిన కప్పు, తన పుల్ల జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని, వెలుతురు ఉండగానే, దాన్ని కుడి చెవి దగ్గర పెట్టి కొట్టాడు. బొంగురే. చెయ్యి నొప్పి పుట్టి కప్పును ఎడమ చేతికి, ఎడమ చెవి పక్కకు మార్చుకున్నాడు. పుల్ల ఇంకా ఆడుతూనే ఉంది. అలవాటుగా తగిలింది.

ఖంగుమంది. మోత సన్నగా సాగి సాగి ఆరిపోయింది.

మళ్ళీ కుడి పక్క. బొంగురు. మళ్ళీ ఎడమ పక్క. గంటలా ఉంది. ఇరవై రెండేళ్ళలో కప్పుల్ని మార్చి మార్చి కొట్టాడే గానీ చెవిని మార్చి కొట్టాలని ఎన్నడూ తోచలేదు. ఎందుకు తోస్తుంది? తక్కెడ మీదే అనుమానం వస్తే ఏ వ్యాపారీ దుకాణం తెరవలేడు.

"ఏమే! ఇలా రా. బీట కప్పులో లేదు, నాలో ఉంది!"

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇన్నాళ్ళ తర్వాత మొగుడి మొహంలో వెలుగు చూసి కిందనే కూర్చుంది. "అయితే ఏం చేద్దామంటారు?"

"సరుకును ఎలా చూస్తామో అలాగే చూద్దాం. ఒక్కొక్కటే."

ఆ తర్వాత మూడు రోజులు ఆమె అతన్ని కప్పులా తిప్పి తిప్పి చూసింది. ఎడమ చెవి పక్కన గిన్నె మూతలు రెండు ఠంగున కొట్టింది. ఏమీ కాలేదు. కుడి చెవి పక్కన కొట్టింది. ఎదురుగా ఉన్న కిటికీ పైకి జారిపోయింది, అతను కుర్చీ చేతులు పట్టుకున్నాడు. నిజమో కాదో చూడాలని మళ్ళీ కొట్టింది. ఇంకోసారి కొట్టింది.

"పెళ్ళైనప్పటి నుంచి ఉన్న కసంతా తీర్చుకుంటున్నావా?"

"ఇంకా సగం కూడా తీరలేదు. కదలకుండా కూర్చోండి."

తేలినవి తేలినట్టు ఆమే ఒక కాగితం మీద రాసింది. గొంతు గుమ్మనడం కుడి పక్కే. మడమల చప్పుడు కుడి పక్కే. ముక్కు గట్టిగా చీదినా, బరువు ఎత్తడానికి ఊపిరి బిగబట్టినా గోడ జారుతుంది. పడుకుంటే నాడి చప్పుడు కూడా కుడి పక్కే. కళ్ళ సంగతి అన్నిటికంటే కింద రాయించాడు.

"అదే కదా అన్నిటికంటే వింత? అది పైన ఉండాలి కదా?"

"అది ముందు చెప్పే మూడు చోట్ల చెడ్డాను. కొనేవాడికి ముందు చేతికందేది చూపించాలి. పట్టుకుని చూసి నిజమేననుకున్నాక మిగతాది తనే అడుగుతాడు."

భార్యతో చెవి డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరుతుంటే అన్న చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నేనూ వస్తా. ఆవిడ ఏమంటుందో నా చెవులతో వింటే గానీ నాకు నిద్ర పట్టదు."

డాక్టరమ్మ వయసులో చిన్నది. మేడ మీద రెండు గదుల ఆసుపత్రి, గోడకు చెవి లోపలి బొమ్మ. కాగితం చదివి అతన్ని చప్పుడు జొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేయించింది. గీతలు గీసిన కాగితం చూసి కనుబొమ్మలు ఎత్తింది.

"మామూలుగా నా దగ్గరికి తక్కువ వినిపించేవాళ్ళు వస్తారు. మీకు ఎముక ద్వారా వినిపించాల్సిన దానికంటే ఎక్కువ వినిపిస్తోంది."

"అదేనమ్మా నేను చెప్పేది. నా లోపలి సంగతులన్నీ నాకు వినిపిస్తున్నాయి."

ఆమె సొరుగులోంచి రెండు కాళ్ళున్న ఇనప పట్టకారు లాంటిది తీసింది. మోకాలికి కొడితే సన్నగా మోగే శృతిదండం. "బూటు విప్పండి," అంది.

"చెవి ఇక్కడుంటే బూటెందుకమ్మా?" అన్నాడు అన్న.

ఆమె దండాన్ని మోగించి దాని పిడిని టింగుబాబు కుడికాలి చీలమండ ఎముకకు ఆనించింది. "ఏమనిపిస్తోంది?"

టింగుబాబు నోరు తెరుచుకుంది. చెయ్యి తనంతట తానే కుడి చెవి మీదికి వెళ్ళింది. "ఇక్కడ మోగుతోంది!"

"కాలికి పెడితే చెవిలో మోగడమేంటి?" అన్న లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి, అది ఒకసారి నా కాలికి పెట్టండి." పెట్టింది. "జుమ్మంటోంది అంతే. ఏమీ మోగలేదు." అతను ఆ దండాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బతుకంతా ఎదుటివాడి మాటను సగానికి సగం తగ్గించి వినే మనిషి. "ఒరేయ్, అటు గోడకు తిరిగి కళ్ళు మూసుకో. డాక్టరుగారూ, నేను పెడతాను. కొన్నిసార్లు మోగించి పెడతా, కొన్నిసార్లు ఊరికే పెడతా. వాడు చెప్పాలి."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. కానీ చేతులు కట్టుకుని పక్కకు జరిగి చోటిచ్చింది.

అన్న పంచె ఎగదోసి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. దండాన్ని దూరంగా తన మోకాలికి కొట్టి, ఊపిరి బిగబట్టి, తమ్ముడి చీలమండకు ఆనించాడు.

"మోగింది."

కొట్టకుండా ఆనించాడు. "లేదు."

మళ్ళీ కొట్టకుండానే. "లేదు." అన్నకు చిరాకెత్తి ఈసారి కొట్టి, వేళ్ళతో పట్టుకుని మోత ఆపేసి ఆనించాడు. "లేదన్నయ్యా, ఆపేశావు." కొట్టినట్టు చెయ్యి ఊపి ఆనించాడు. "లేదు." చాలా నెమ్మదిగా, తనకే వినిపించనంత మెల్లగా తాకించి ఆనించాడు.

టింగుబాబు తల కాస్త కుడికి వంచాడు. గదిలో భార్య గాజుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఉంది. చాలా సన్నగా. ఇప్పుడు ఆరిపోతోంది... ఆరిపోయింది."

అన్న దండాన్ని తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడే ఆరిపోయింది. గొంతుక్కూర్చున్నవాడు అలాగే నేల మీద చతికిలబడ్డాడు. తమ్ముడి చీలమండ ఇంకా చేతిలోనే ఉంది.

"వీడు పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క అబద్ధం ఆడలేదమ్మా," అన్నాడు డాక్టరమ్మతో, అదేదో ఆవిడే అనుమానించినట్టు. "నేనే వెధవని."

"బావగారూ, లేవండి, పంచె మాసిపోతుంది," అంది టింగుబాబు భార్య.

డాక్టరమ్మ కాగితం మళ్ళీ తీసుకుంది. చివరి వరుస దాకా వేలు పెట్టి చదివి తల ఎత్తింది. "కళ్ళు కదిలితే కూడా వినిపిస్తుందా? ఇది కింద ఎందుకు రాశారు? ఇదొక్కటే చెబితే సగం పని తేలిపోయేది." టింగుబాబు భార్య వైపు చూశాడు. మొదటి డాక్టరుగా ఈమె దొరికుంటే పైనే రాయించేవాణ్ణి అన్నట్టు భుజాలెగరేశాడు.

తల లోపలి ఎముకను దారమంత సన్నని పొరలుగా ఫొటో తీయించింది. ఫొటో వెలుగు పలక మీద పెట్టి చూపించింది. చెవి లోపల నిలకడ కోసం వంపు తిరిగిన గొట్టాలు మూడుంటాయి. పైనున్న గొట్టానికి ఇంటి పైకప్పులా ఎముక ఉండాలి. కుడి పక్క ఆ కప్పులో కొంత లేదు. బయటి చప్పుడు తన దారిన పోకుండా ఆ కంత వైపు మళ్ళి నిలకడ గొట్టాన్ని కుదిపేస్తోంది. అందుకే నేల ఒరుగుతోంది. ఒంట్లో చప్పుళ్ళు, కంటి గుడ్డు కదలిక కూడా, తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వచ్చినట్టు చెవిలోకి వచ్చేస్తున్నాయి. కొందరికి అక్కడ ఎముక పుట్టుకతోనే పల్చగా ఉండి, నడివయసులో ఇలా బయటపడుతుందట.

"అంటే బీటే," అన్నాడు టింగుబాబు.

"బీటే అనుకోండి. ఇలాంటి కేసు నేను చదువుకున్నప్పుడు ఒక్కటి చూశాను. మీరు రెండోవారు. దీన్ని సుపీరియర్ కెనాల్ డిహిసెన్స్ అంటారు."

"పేరుంది!" అన్న ఒక్క గెంతు గెంతినంత పని చేశాడు. "అమ్మా, అది పెద్దక్షరాలతో రాసివ్వండి. బజారులో చూపించాలి."

చూపించాడు కూడా. నోరు తిరక్కపోయినా పది కొట్ల ముందు ఆగి ఆ పేరు చదివి వినిపించాడు. నిన్నటిదాకా తల దించుకున్న మనిషి, "మా వాడి జబ్బు అందరికీ రాదయ్యా," అని మీసం సవరించుకున్నాడు.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు మాత్రం టింగుబాబు ఆలోచించుకోవడానికి ఒక పూట గడువు అడిగి తీసుకున్నాడు. చెవి వెనక ఎముక తొలిచి ఆ గొట్టాన్ని పూడ్చెయ్యాలి. నేల ఒరగడం పోతుంది. కానీ ఆ చెవి వినికిడి కొంచెం తగ్గినా తగ్గొచ్చు. అతని బతుకంతా ఆ చెవే. డాక్టరమ్మ ఏదీ దాచకుండా చెప్పింది, అది అతనికి నచ్చింది. పార్కులో బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ తూచుకున్నాడు. చెవి పూర్తిగా ఉండి ముక్కాలిపీట మీంచి పడిపోయేవాడికి ఎవరూ కప్పు ఇవ్వరు. కాస్త తగ్గినా పీట మీద నిటారుగా కూర్చునేవాడికి ఇస్తారు. పైగా ఎడమ చెవి ఇరవై రెండేళ్ళూ ఊరికే కూర్చుని వేడుక చూసింది, దానికీ పని నేర్పొచ్చు. లేచి వెళ్ళి సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు తలకు కట్టుతో కళ్ళు తెరిచాడు. ముందు కదపడానికి భయపడ్డాడు. తర్వాత మెల్లగా ఎడమకు తిప్పాడు. ఏమీ లేదు. కుడికి తిప్పాడు. ఏమీ లేదు. పైకి, కిందికి, గుండ్రంగా తిప్పాడు. ప్రపంచంలో ఇంత నిశ్శబ్దం ఉంటుందని మరిచేపోయాడు.

"ఏమండీ, అలా కళ్ళు తిప్పకండి. నర్సు చూస్తే ఏమనుకుంటుంది!" అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

కాళ్ళు దారికి రావడానికి ఎనిమిది వారాలు పట్టింది. ఇంటి వరండాలో నేల పలకల గీత మీద రోజూ నడిచాడు, మొదట్లో గోడ పట్టుకుని, తర్వాత భార్య వేలు పట్టుకుని, చివరికి చేతులు వెనక్కి కట్టుకుని. ఈ రెండు నెలలూ అన్న పుల్లను సొరుగులో పెట్టి తాళం వేశాడు. అవ్వ అడిగితే కసిరాడు. లోడు వస్తే, "మా తమ్ముడు వచ్చి చూస్తాడు, ఉంచండి," అని పెట్టెలు గోడ వారగా పేర్పించాడు.

తిరిగి వచ్చిన రోజున గోడౌను నిండా ఆ పెట్టెలే. బట్టీ ఆయన స్వయంగా వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏం టింగుబాబూ, ఈసారి బీటలు ఎక్కడున్నాయి, కప్పుల్లోనా తమరిలోనా?"

"నాలో ఉన్నది పూడ్పించుకుని వచ్చానండీ. మీవి చూద్దాం."

కావాలనే కప్పును కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కొట్టాడు. ముందున్నంత పదును లేదు, నిజమే. కానీ మోత తిన్నగా ఉంది, సాగింది, ఆరింది. ఒక్కో కప్పు చేతులు మారుతోంది. సరే, సరే, సరే. పన్నెండో కప్పు దగ్గర చెయ్యి ఆగింది. దాన్ని ఎడమ చెవికి కూడా చూపించి, పక్కన పెట్టాడు. పెట్టె పూర్తయ్యేసరికి పక్కన నాలుగు కప్పులున్నాయి.

"ఈ నాలుగూ బీటలే."

"మళ్ళీ మొదలు!" బట్టీ ఆయన ముందుకొచ్చి ఒక కప్పును వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఏదీ, నాకు కనబడదే?"

అవ్వ అప్పటికే కెటిలు తెచ్చింది. నాలుగింటిలోనూ వేడినీళ్ళు పోసింది. అందరూ వంగి చూశారు. మొదటి కప్పు పక్కన చెమట పట్టినట్టు సన్నని తడిగీత దిగింది. రెండోది చిటుక్కుమంది. మూడోదీ నాలుగోదీ ఒకదాని తర్వాత ఒకటి బల్లను తడిపాయి. సరేనన్న వాటిలోంచి బట్టీ ఆయనే నాలుగు ఏరి పోయించాడు. అవి పొడిగా, గీత లేకుండా నిలబడ్డాయి.

బట్టీ ఆయన మొహం మాడిపోయింది. చొక్కా చేతులు పైకి మడుచుకుని, మిగతా పెట్టెల్లోంచి పక్కన పెట్టబోయే కప్పుల కోసం తానే ఒక ఖాళీ బుట్ట తెచ్చి టింగుబాబు కాళ్ళ దగ్గర పెట్టాడు.

అదే సమయానికి వెనక వరసలో కూలీ ఒకడు సంగతి తెలియక పెట్టె మూతకు మేకు పెట్టి సుత్తి ఎత్తాడు. అన్న ముందు గదిలోంచి చూసి, "ఒరేయ్ ఆగరా!" అని అరుస్తూ పరుగెత్తాడు. సుత్తి దిగిపోయింది. ఇనుము మీద ఇనుము, గోడౌనంతా అదిరింది. అన్న రెండు చేతులూ చాచి తమ్ముణ్ణి పట్టుకోబోయాడు.

టింగుబాబు లేచి నిలబడే ఉన్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టలేదు, దేన్నీ పట్టుకోలేదు. చేతిలో కప్పు వేలికి వేలాడుతోంది, అది కూడా ఊగడం లేదు. కూలీ వైపు తిరిగాడు.

"ఇంకోటి కొట్టు. ఇంకా గట్టిగా."

కూలీ అన్న వైపు చూశాడు. అన్న తల ఊపాడు. సుత్తి మళ్ళీ దిగింది, మళ్ళీ దిగింది. కూలీలందరూ పని ఆపి చూస్తున్నారు. అవ్వ కెటిలు చేత్తో పట్టుకుని చూస్తోంది. నేల ఉన్నచోటే ఉంది. గోడలు ఉన్నచోటే ఉన్నాయి. మేకు పూర్తిగా దిగేదాకా టింగుబాబు అలాగే నిలబడి, అన్న చాచిన చేతుల వైపు చూసి నవ్వాడు.

"చేతులు దించు అన్నయ్యా, అడ్డంగా ఉన్నాయి. ఇంకా పదిహేడు పెట్టెలున్నాయి."